అప్పజెప్పిన పాఠం

డాక్టరమ్మ ఇంకా నోరు తెరవనే లేదు, టైలరు గారు పాఠం అప్పజెప్పేశారు.

“అద్దం, గొడుగు, రైలు, మేక, ఉప్పు.”

చెప్పేసి చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. డాక్టరమ్మ వైపు కాదు, పక్క కుర్చీలో ఉన్న భార్య వైపు చూశారు. ఆవిడ కళ్లతోనే భేష్ అంది.

మతిమరుపు ఉన్నవాళ్లకి పెట్టే పరీక్ష అది. ముందు డాక్టరు ఐదు మాటలు చెప్పాలి. తర్వాత గడియారం బొమ్మ గీయించాలి, వందలోంచి ఏడేసి చొప్పున తీసేయించాలి, కాసేపు కబుర్లలో పెట్టాలి, అప్పుడు తీరిగ్గా ఆ ఐదు మాటలూ మళ్లీ అడగాలి. గడియారానికీ, తీసివేతలకీ, గుర్తున్న మాటలకీ విడివిడిగా మార్కులు. అడక్కముందే చెప్పేసేవాళ్లకి ఎన్ని మార్కులు వెయ్యాలో మాత్రం ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

“నేను ఇంకా ఏం చెప్పలేదు కదండీ?” అంది డాక్టరమ్మ.

టైలరు గారి మొహం చిన్నబోయింది. “తప్పా?” అని భార్యని అడిగారు.

“తప్పేం కాదు, అన్నీ కరెక్టే చెప్పారు. ఈయనకి నోటికొచ్చమ్మా అవి. నిద్రలో లేపి అడిగినా చెప్తారు.”

మామూలుగా అయితే ఈ పరీక్ష పెట్టేది డాక్టరమ్మ కాదు. దానికి ఒక అమ్మాయి ఉంది, ఆస్పత్రిలో అందరూ పరీక్షలమ్మాయి అనే పిలుస్తారు. ఆ రోజు పంటినొప్పితో రాలేదు. ఏడాదిగా టైలరు గారి మార్కులు ఆ అమ్మాయి చేతిమీదుగా వస్తున్నాయి. డాక్టరమ్మ చూసేది మాటల మార్కులే: ఐదుకి ఐదు, ఐదుకి ఐదు. వాటి పక్కన ‘స్థిరంగా ఉంది’ అని డాక్టరమ్మ సంతకం.

“ఇవాళ వేరే మాటలు చెప్తాను, వినండి. కత్తెర, పిల్లి, వంతెన, దుప్పటి, తలుపు. ఏవీ, ఓసారి చెప్పండి?”

“కత్తెర,” అన్నారు టైలరు గారు. ఆ మాట దగ్గర ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది. వేళ్లు రెండూ వాటంతటవే తెరుచుకుని మూసుకున్నాయి, గాల్లోనే బట్ట కత్తిరిస్తున్నట్టు. “కత్తెర...” వేళ్లు ఆగిపోయాయి. మళ్లీ భార్య వైపు చూశారు. ఆవిడ పెదవులు బిగించుకుంది. “గొడుగు, రైలు,” అన్నారాయన గొంతు తగ్గించి.

గడియారం గీయమంటే గుండ్రంగా చక్కగా గీశారు, చెయ్యి ఇంకా టైలరుదే. అంకెలు మాత్రం పన్నెండూ కుడివైపే ఇరుక్కున్నాయి, నీడ ఉన్న వైపుకే బస్సులో జనమంతా చేరినట్టు. వందలోంచి ఏడు తీసెయ్యమంటే నుదురు తుడుచుకున్నారు. నెల పేరు అడిగితే భార్య చేతివంక చూశారు, ఆవిడ వేళ్లతో ఏమైనా చూపిస్తుందేమోనని.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఈయన స్థిరంగా ఉన్న మనిషి కాదు. చాలా దూరం జారిపోయిన మనిషి.

ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి భార్యని వరండాలోకి తీసుకెళ్లింది.

“ఆ మాటలు ఇంట్లో చెప్పిస్తున్నారా?”

“చెప్పించకపోతే ఎట్లాగమ్మా? మీరు చెప్పిందే కదా!” ఆవిడ గోడమీద చెయ్యి పెట్టి చూపించింది. ‘రోజూ సాధన చెయ్యండి – మతిమరుపుకి కళ్లెం వెయ్యండి’ అని పోస్టరు. కింద పైకి లేస్తున్న గీత, ఆ గీత కింద డాక్టరమ్మ పేరు. “పొద్దున్న లేవగానే ఐదూ చెప్తేనే కాఫీ. ఒక్కటి తప్పినా మళ్లీ మొదట్నించీ. మొదట్లో ఏడ్చేవారు. నేనూ రాయిలా కూర్చున్నా. ఇప్పుడు దార్లో పడ్డారు.”

ఆవిడ ముఖంలో గర్వం, అలసట ఒకదాని మీద ఒకటి కనిపించాయి. డాక్టరమ్మ “శనివారం ఇద్దరూ మళ్లీ రండి. అప్పటిదాకా ఏమీ చెప్పించకండి,” అని మాత్రం అంది.

“మానేస్తే మర్చిపోతారేమోనమ్మా?” అంది ఆవిడ.

ఇక ఆ పోస్టరు సంగతి. డాక్టరమ్మ చాలా పరిశోధన పేపర్లు రాసింది. కానీ ఎవరు ఆమె పేరెత్తినా ఒక్క పేపరే చెప్తారు: వారం వారం జ్ఞాపకశక్తి వ్యాయామాలు చేయిస్తే మతిమరుపు మొదలైనవాళ్లలో మెరుగు కనిపిస్తుందని. ఇతర పరిశోధకులు తమ రాతల్లో మన పేపరుని పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు, పరిశోధకుల లోకంలో పరపతి అంటే అదే. ఆమె మిగతా పేపర్లన్నీ కలిపి ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. దాన్ని తీసేస్తే ఆమె చరిత్ర దూలం తీసేసిన ఇల్లే. ఈ శుక్రవారమే ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూ. ఇదివరకు రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారి వచ్చేటట్టుందని అందరూ అంటున్నారు, ఆ పేపరు పుణ్యమా అని.

ఆ సాయంత్రం ఆమె పెద్దసారు గదికి వెళ్లింది. పెద్దసారు అంటే విభాగాధిపతి, ఆ పేపరు రాసినవాళ్లలో చివరి పేరు ఆయనది. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నారు కాబట్టి గదిలో పుస్తకాలు సగం అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఆయన నేలమీద గొంతుక్కూర్చుని పెట్టెకి టేపు అంటిస్తున్నారు.

“సార్, మన పేపరు తప్పు.”

“ఏ పేపరు?” అన్నారు, వాళ్లిద్దరి మధ్య పేపరంటే ఒక్కటే అయినా.

ఆమె చెప్పింది. వ్యాయామాలు చేసినవాళ్లు వారం వారం వచ్చేవాళ్లు. ప్రతి వారం క్లాసు మొదట్లో నోరు తిరగడానికని పరీక్షలోని ఆ ఐదు మాటలే చెప్పించేవాళ్లు. చెయ్యనివాళ్లు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వచ్చారు, అంతే. “వాళ్లకి జ్ఞాపకం పెరగలేదు సార్. పరీక్ష నోటికొచ్చింది.”

పెద్దసారు టేపు కొరికి తెంపారు.

“పెళ్లిపీటల మీద కూర్చున్నాక జాతకాలు చూస్తానంటావేంటమ్మా?”

“ముందే చూడాల్సింది. చూడలేదు.”

“తర్వాత ఎంతమంది ఇదే చూపించారు! వాళ్లందరూ తప్పేనా?”

“వాళ్లందరూ మన పరీక్షే వాడారు సార్. మన మాటలతోనే.”

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆన్చి కష్టంగా లేచారు. “చూడు. శుక్రవారం గడవనీ. కుర్చీలో కూర్చున్నాక ఎంత నిజం చెప్పుకుంటావో చెప్పుకో. కుర్చీలో ఉన్నవాళ్లు చెప్తే నిజాయితీ అంటారు. గుమ్మం బయట నిలబడి చెప్తే ఏడుపంటారు. నేను ఎలాగూ ఒడ్డెక్కినట్టే. మునిగేది నువ్వే, అందుకని చెప్తున్నా.”

ఆయన మాటల్లో కుట్ర లేదు. నిజంగానే ఆమె మంచి కోరే చెప్పారు. డాక్టరమ్మకి ఒళ్లు మండింది అందుకే. చెడ్డవాడు చెప్పిన చెడ్డ సలహా అయితే తిప్పికొట్టి వచ్చేసేది.

మర్నాడు పరీక్షలమ్మాయి వచ్చింది, ఒక బుగ్గ వాచిపోయి. ఇద్దరూ పాత లెక్కలు ముందేసుకుని కూర్చున్నారు. పేపరులో మొత్తం మార్కులు కలిపి గీత గీశారు. ఇప్పుడు డాక్టరమ్మ వాటిని విడదీయమంది: ఐదు మాటలు ఒకవైపు, గడియారం ఒకవైపు, తీసివేతలు ఒకవైపు. మధ్యాహ్నానికల్లా మూడు గీతలూ తెరమీదకి వచ్చాయి. మాటల గీత మేడమెట్లెక్కినట్టు ఎక్కింది. గడియారం, తీసివేతలు ఉన్నచోటే కూలబడ్డాయి.

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఎవరైనా ఇంత చిన్న పని ముందే చేసి ఉంటే సరిపోయేది. ఆ ఎవరైనా తనే.

“నువ్వెప్పుడూ గమనించలేదా, అడక్కముందే చెప్పేస్తున్నారని?” ఆమె గొంతు ఉండాల్సిన దానికంటే పెరిగింది.

“గమనించాను మేడమ్.” అమ్మాయి చల్లటి నీళ్ల సీసా బుగ్గకి ఆనించుకుంది. “చాలామంది అంతే. నేను చేరిన కొత్తలోనే అడిగాను కదా, మాటలు మారుద్దామా అని. పరీక్ష అందరికీ ఒకేలా ఉండాలి, మధ్యలో మాట మారిస్తే పోలిక చెడుతుంది అన్నారు మీరు. గోడకి కూడా అంటించారు.”

గోడకి ఉంది. లామినేషన్ చేయించి, ఆమె సంతకంతో సహా. పద్ధతి శుభ్రంగా ఉండాలనే పిచ్చితో చేసిన తప్పు అది. కొలబద్ద మారకూడదనే పట్టుదలతో కొలబద్దనే జనానికి బట్టీ పట్టించారు.

ఇంకోటి గుర్తొచ్చి మరింత రోత పుట్టింది. రెండేళ్ల కిందట ఇంకో చిన్న పరిశోధన చేసినప్పుడు వేరే మాటలు వాడింది. వ్యాయామాల వల్ల లాభమేమీ కనపడలేదు. అది కూడా పేపరు రాసింది, కానీ అందులో తన ఫలితాన్ని తనే నమ్మలేదు. మనుషులు తక్కువ కాబట్టి కనపడలేదేమోనని తెగ వినయంగా సర్దిచెప్పింది. నిజం చెప్పిన ఆ పేపరుకి ఇప్పటిదాకా నాలుగు సైటేషన్లు. అందులో రెండు ఆమె వేసుకున్నవే.

గురువారం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భర్త బల్లమీద జవాబుపత్రాలు దిద్దుతున్నారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఎర్రపెన్ను చెవిమీద పెట్టుకుని పళ్లు కొరుకుతున్నారు.

“చూశావా? క్లాసులో నిన్న చేసిన లెక్కే పరీక్షలో ఇచ్చాను, పిల్లలు కష్టపడకూడదని. అంకె ఒక్కటే మార్చాను. సగం మంది నిన్నటి జవాబే రాసి పడేశారు. లెక్క రాదు, జవాబు వచ్చు!”

“మీరూ మొదలుపెట్టకండి!” ఆమె చేతిసంచి సోఫామీద విసిరికొట్టింది.

మాస్టారు చెవిమీది పెన్ను తీశారు. “నేనేమన్నాను?”

ఆమె చెప్పింది. మొత్తం చెప్పింది, కాఫీ సంగతితో సహా. చెప్తూ వంటింట్లోకి, హాల్లోకి తిరిగింది, సింకులో గిన్నెలు అవసరంలేని చప్పుడుతో కడిగింది. ఆయన వెనకాలే వచ్చి కడిగినవాటిని తుడుస్తూ విన్నారు.

“రేపు చెప్తే పోస్టు పోతుందా?”

“పోకేం చేస్తుంది? ఆ పేపరు లేకపోతే నా దగ్గరేముంది? ఇంక రిటైరయ్యేదాకా ఇదే కుర్చీ, ఇదే బల్ల. నా తర్వాత వచ్చినవాళ్ల చేత సంతకాలు పెట్టించుకుంటూ.”

“చెప్పకపోతే?”

“ఆవిడ మళ్లీ కాఫీ ఆపుతుంది. ఆవిడే కాదు. ఆ పోస్టరు ఎన్ని ఆస్పత్రుల్లో ఉందో నాకే తెలీదు.”

“నేనొక మాట చెప్తే వింటావా?”

“వినను.”

“అయితే చెప్పను,” అని ఆయన గిన్నె బోర్లించారు. 

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. అన్నాలు కూడా తినకుండా ఆ పేపరు వేసిన పరిశోధన పత్రిక సంపాదకులకి ఉత్తరం రాయడానికి కూర్చుంది. పేపరుని వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. కానీ ఆ వాక్యం నాలుగుసార్లు కొట్టేసి రాయాల్సి వచ్చింది. ప్రతిసారీ ‘దురదృష్టవశాత్తు’ అనే మాట ఎక్కడ్నించో వచ్చి దూరుతోంది. చివరికి అది తీసేసి ‘మా పొరపాటు వల్ల’ అని రాసింది. పొద్దున్న ఆస్పత్రికి బయల్దేరేముందు పంపించేసింది.

ఇంటర్వ్యూ గదిలో పొడుగాటి బల్ల, బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, బయటి విశ్వవిద్యాలయం నించి వచ్చిన పెద్దమనిషి. గోడవారగా కార్యాలయం సూపరింటెండెంటు ఫైళ్లతో నిలబడ్డాడు. పెద్దసారు ఓ మూల కుర్చీలో, నాకేం తెలీదన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

“మీ రికార్డు చూస్తే ముచ్చటేస్తోందండీ,” అన్నాడు అధ్యక్షుడు. “ముఖ్యంగా ఈ వ్యాయామాల పేపరు! మా దగ్గర పిల్లలకి పాఠంగా చెప్తాం.”

“చెప్పకండి సార్. అది తప్పు. ఈ పొద్దున్నే వెనక్కి తీసుకున్నాను.”

ఆమె మూడు గీతల కాగితం బల్లమీద పెట్టి ఎక్కడ పొరపాటు జరిగిందో వివరించింది. పెద్దసారు కిటికీలోంచి చూపు తిప్పనే లేదు.

అధ్యక్షుడు గడ్డం గోక్కున్నాడు. “అయితే ఇప్పుడు దీన్ని లెక్కలోంచి తీసెయ్యాలా?” అని సూపరింటెండెంటుని అడిగాడు.

సూపరింటెండెంటు ఈ క్షణం కోసమే పుట్టినవాడిలా ముందుకొచ్చాడు. “నిబంధనల్లో ‘మొత్తం సైటేషన్లు’ అని ఉందండి. ఏ కారణంతో పేర్కొన్నారనేది లేదు. వెనక్కి తీసుకున్నవి మినహాయించాలని కూడా లేదు. దరఖాస్తు వేసిన రోజు అంకె ఎంతో అంతే. పైగా సార్...” గొంతు సవరించుకున్నాడు. “వెనక్కి తీసుకున్నారని తెలిస్తే దాని గురించి రాసేవాళ్లు ఇంకా ఉంటారు. అవి కూడా సైటేషన్లేనండి. పెరుగుతాయే గానీ తగ్గవు.”

“అలాగా!” అధ్యక్షుడి ముఖం విప్పారింది. “ఇంకేం మరి. అంకెలకి అంకెలు, నిజాయితీకి నిజాయితీ!”

“సార్, కానీ ఆ పేపరు చదివి జనం...” అంది డాక్టరమ్మ.

“తప్పకుండా, తప్పకుండా. చాలా విలువైన అనుభవం. మీరు బయట కాసేపు కూర్చోండి.”

శిక్షకి సిద్ధపడి వెళ్లినవాడికి శాలువా కప్పి పంపించినట్టయింది. కాసేపటికి పెద్దసారు సంతోషంతో ఊగిపోతూ బయటికొచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకున్నారు. “వచ్చేసింది! అనవసరంగా ప్రాణాలు తోడేశావు కదే!” అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండుసార్లు రాని పదవి, తెల్లారి లేస్తే తలుచుకున్న పదవి, వచ్చింది. ఆమెకి ఏదైనా పగలగొట్టాలనిపించింది.

సూపరింటెండెంటుని పట్టుకుని వరండాల్లో పోస్టర్లు తీసెయ్యాలంది. “అది ప్రచార విభాగం వాళ్ల పని మేడమ్. ఒక లెటరు పెట్టండి, పంపిస్తాను. సారీ, ప్రొఫెసరు గారూ,” అని నవ్వాడతను.

లెటరు పెట్టలేదు. తన విభాగం వరండాలోకి వెళ్లి తనే పోస్టరు అంచు పట్టుకుని లాగింది. జిగురు గట్టిది. నిలువునా ఒక పట్టీ చిరిగి వచ్చింది, మిగతాది గోడనే పట్టుకుంది. గోళ్లతో గీకింది, తడిగుడ్డ తెప్పించి రుద్దింది. అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి ఆగి అభినందనలు చెప్తున్నారు, ఆమె వీపు తిప్పకుండానే తలాడిస్తోంది.

శనివారం టైలరు గారు ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చారు. గదిలోకి రాగానే కుర్చీలో నిటారుగా కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నారు. డాక్టరమ్మ కుర్చీ బల్ల వెనకనించి తీసుకొచ్చి వాళ్లిద్దరి ఎదురుగా వేసుకుంది.

“అమ్మా, ఆ పోస్టరులో ఉన్నది తప్పు. దాన్ని రాసింది నేనే, పొరపాటు నాదే. ఆ మాటలు బట్టీపట్టిస్తే జ్ఞాపకం బాగుపడదు. ఆయనకి జబ్బు పెరిగింది. ఏడాదినించీ పెరుగుతూనే ఉన్నా మాకు తెలియలేదు.”

టైలరు గారి భార్య భర్త చొక్కా చేతి అంచు సరిచేసింది.

“నాకు తెలుస్తూనే ఉందమ్మా,” అంది. “బాత్రూం ఎటో అడుగుతుంటే తెలీదూ? మీ మార్కులు బావున్నాయి కదా, నాదే అనుమానమేమో అనుకున్నా. చదువుకున్నవాళ్లకంటే నాకెక్కువ తెలుసా అనుకున్నా.”

“మందులు మారుస్తాను. ఆయనకి, మీకు సాయంగా ఏమేం చెయ్యొచ్చో అన్నీ చెప్తాను. రేపట్నించి మాత్రం ఏమీ అడక్కండి. లేవగానే కాఫీ ఇచ్చెయ్యండి. ఆ పేపరు నేను వెనక్కి తీసేసుకున్నాను.”

“మీది కాగితం. తీసేసుకున్నారు.” ఆవిడ గొంతు పెరగలేదు. “నేనన్నవో? మొద్దు అన్నాను. బుద్ధి గడ్డి తింటోందా అన్నాను. పెళ్లయిన దగ్గర్నించి నోరారా మీరు అని తప్ప పిలవని మనిషిని, ఓ పొద్దున ఒరేయ్ అన్నానమ్మా. ఉప్పు అనే మాట రావట్లేదని. ఆయన నావైపు చూసి చేతులు కట్టుకున్నారు.”

డాక్టరమ్మ ఇన్నేళ్లుగా ఎన్నో కుటుంబాలకి చెప్పిన ఓదార్పు మాట ఒకటుంది. వేరే ఏదీ దొరక్క అదే అంది.

“ఆయనకి అవేవీ గుర్తుండవమ్మా.”

“ఆయనకుండవు,” అంది ఆవిడ. “నాకుంటాయి.”

టైలరు గారు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశారు. పెదవులు తడుపుకున్నారు, మోకాళ్ల మీద చేతులు ఇంకాస్త బిగించారు. “ఇవాళ నన్నేమీ అడగలేదేం?” అన్నారు భయంగా.

“ఇంక ఎవరూ అడగరు,” అంది భార్య ఆయన భుజం పట్టుకుని. “లేవండి, వెళ్దాం.”